పడగొట్టి కట్టారా, బాగుచేశారా? 'పునర్నిర్మాణం' గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తుపాను భయం లేకుండా కార్తికం గడిచే ఏడాది నెల్లూరు, ప్రకాశం తీరంలో అరుదు. పెన్నకు వరద వచ్చినా, గుండ్లకమ్మ జలాశయం గేటు ఊడినా, చెరువుకు గండి పడినా మరునాటి నుంచి విలేకరి, పంచాయతీ కార్యదర్శి, బడి పంతులు, అర్జీ రాసుకునే రైతు అందరూ ఒకే మాట వాడతారు: పునర్నిర్మాణం. బరువైన మాట. చాలా చోట్ల దానికంటే చిన్న మాటే సరిగ్గా అతుకుతుంది. ఈ విషయంలో నన్ను అడుగుతుండే ప్రశ్నలు, నాకు తోచిన జవాబులు ఇవి.

పునర్నిర్మాణం అంటే కచ్చితంగా ఏమిటి?

ఉన్న కట్టడం పోయాక, దాని చోటనే, దాని అవసరానికే మళ్ళీ కట్టడం. మాట వాడేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఏమి మిగిలింది? గోడలు నిలిచి కప్పు ఎగిరిపోతే మరమ్మతు. పునాది దాకా పోతే పునర్నిర్మాణం. కట్టడం బాగానే ఉండి దాని పని ఆగిపోతే పునరుద్ధరణ. మనుషులు మిగిలి ఊరు పోతే పునరావాసం. కింది జవాబుల్లో చాలా వాటికి ఆధారం ఈ ప్రశ్నే.

మామూలు మాటల్లో ఎవరైనా 'పునర్నిర్మాణం' అంటారా?

అనరు. ఇంటి యజమాని నోట ఆ మాట వినబడిందంటే ఎదురుగా టీవీ మైకు ఉన్నట్టే. ఇంట్లో, వీధిలో "పడగొట్టి కట్టాం", "పాతది తీసేసి కొత్తది వేశాం", "పునాది నుంచి లేపాం" అంటారు. 'కట్టు' అనే క్రియ ఒక్కటే ఈ పనంతా మోస్తుంది. దానికి 'మళ్ళీ' చేరిస్తే పునర్నిర్మాణం అయిపోయింది. పని ఎంతవరకు వచ్చిందని అడిగితే "లింటెల్ దాకా లేచింది మామా, శ్లాబు వచ్చే నెల" అని జవాబు వస్తుంది. ఇక్కడ గోడలు లేస్తాయి, కప్పు పడుతుంది, గట్టు పోస్తారు. ఒక్కో భాగానికి ఒక్కో క్రియ.

పని చేసేవారి పేరూ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. నెల్లూరు వైపు బేల్దారి అంటారు, ఒంగోలు దాటి ఉత్తరానికి పోయేకొద్దీ తాపీ మేస్త్రీ అంటారు. నెల్లూరు వైపు మిద్దె అనేదాన్ని ఉత్తరాన డాబా అంటారు. వార్తల్లో మాత్రం వీళ్ళందరూ 'భవన నిర్మాణ కార్మికులు' అయిపోతారు. అది తప్పు కాదు, కాకపోతే ఆ మాటతో పిలిస్తే వాళ్ళెవరూ వెనక్కి తిరిగి చూడరు.

కప్పు మారితే క్రియా మారుతుంది. తాటాకు ఇంటికి కప్పు నేస్తారు. పాత ఆకు దించి, కుళ్ళిన వాసాలు మార్చి, కొత్త ఆకు నేయడాన్ని పునర్నిర్మాణం అంటే నేసేవాడే నవ్వుతాడు. ఆకు ఎండకూ వానకూ చివికిపోయేదే, ఎప్పటికప్పుడు మార్చుకునేదే. పెంకుటింటికైతే పెంకులు దించి, పగిలినవి ఏరేసి, మిగిలినవి తిరిగి పరుస్తారు. ఆ పని మధ్యలో దూలానికి చెద పట్టిందని బయటపడిందంటే ఖర్చు లెక్క మొదటికి వస్తుంది. శ్లాబు పెచ్చులూడితే 'పూత వేయించాం' అంటారు. వీటిలో ఏదీ పునర్నిర్మాణం కాదు.

పాత స్థలంలో మళ్ళీ 'ముగ్గు పోశారు' అని విన్నారనుకోండి, అప్పుడు నిశ్చింతగా ఆ పెద్ద మాట వాడవచ్చు. గోడలు ఎక్కడ రావాలో నేల మీద సున్నంతో గీతలు గీయడమే ముగ్గు పోయడం. ముగ్గు పడిందంటే ఇల్లు మొదటి నుంచి వస్తోందని అర్థం. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత ఒకసారి కట్టినవాడి కోసం పుట్టింది. అదే స్థలంలో రెండోసారి కట్టినవాడికి పెళ్ళి ఖర్చు చిన్నదిగానే కనిపిస్తుంది.

పునర్నిర్మాణానికీ పునరుద్ధరణకూ తేడా ఏమిటి?

అందరూ తడబడేది ఇక్కడే. 'ఉద్ధరణ' అంటే పైకెత్తడం. ఆగిపోయినదాన్ని, పడిపోయిన స్థితినుంచి మునుపటి స్థితికి తేవడం పునరుద్ధరణ. కరెంటు సరఫరా, రైళ్ళ రాకపోకలు, తాగునీరు, ఫోన్ సిగ్నళ్ళు, రద్దయిన పింఛను, సభ్యత్వం వీటన్నిటికీ పునరుద్ధరణే సరిపోతుంది. ఇవి కట్టేవి కావు కదా.

2021 నవంబరు వరదనే చూడండి. ఎగువన కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న ఉగ్రరూపం దాల్చి నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్టను కోసేసింది. జాతీయ రహదారి కూడా దెబ్బతిని వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈ వార్త రాసేటప్పుడు ఒకే సంఘటనలో మూడు మాటలకు చోటుంది. కొట్టుకుపోయిన కట్టకు "మళ్ళీ మట్టి, రాయి పోశారు" లేదా "కట్టను పునర్నిర్మించారు". వంగిపోయిన పట్టాలను "సరిచేశారు". రైళ్ళు తిరిగి నడిచాయి కాబట్టి "రాకపోకలను పునరుద్ధరించారు". "రాకపోకలను పునర్నిర్మించారు" అని రాస్తే చదివేవాడు ఒక క్షణం ఆగిపోతాడు. "రైలు కట్టను పునరుద్ధరించారు" అంటే అంత తప్పుగా వినిపించదు, కానీ ఎంత పని జరిగిందో ఆ మాట చెప్పదు.

పాత కట్టడాన్ని పాత రూపం చెడకుండా నిలబెట్టే సందర్భంలోనూ పునరుద్ధరణ అంటారు. ఉదయగిరి కోట గోడ రాయి జారితే అదే రాయిని అదే చోట పెట్టడం పునరుద్ధరణ. రాళ్ళు పక్కన పడేసి సిమెంటుతో కొత్త గోడ లేపితే పునర్నిర్మాణం. రెండోదాన్ని చూసి పురావస్తు శాఖవారు మెచ్చుకోరు.

మరమ్మతు, రిపేరు, బాగుచేత: ఏది ఎక్కడ?

మూడూ ఒకటే పని, దర్జాలో తేడా. సైకిల్‌కు, పంపుసెట్టుకు 'రిపేరు' అంటాం. ప్రభుత్వ పత్రంలో 'మరమ్మతులు' అని బహువచనంలో రాస్తారు. 'బాగుచేయడం' ఎక్కడైనా ఒదుగుతుంది. మనిషికి జబ్బు నయమైనా "బాగుపడ్డాడు" అనే అంటాం. మరమ్మతు ఉర్దూ మీదుగా వచ్చిన పాత మాట. 'మరమ్మత్తు' అని ఒత్తు పెట్టి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, 'మరమ్మతు' చాలు.

ప్రకాశం జిల్లాలో ఈ మాటకు బాగా పని పెట్టింది మద్దిపాడు మండలం మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ జలాశయం. 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోయి నీళ్ళు సముద్రం పాలయ్యాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వెళ్ళిన వెంటనే మరొకటి పోయింది. జలాశయం నిలిచే ఉంది, గేట్లు పోయాయి. కాబట్టి 'గేట్ల మరమ్మతు', 'కొత్త గేట్ల బిగింపు' అనాలి. 'గుండ్లకమ్మ పునర్నిర్మాణం' అని శీర్షిక పెడితే మొత్తం ఆనకట్టే పోయిందేమోనని ఆయకట్టు రైతు గుండె జారిపోతుంది.

పాత ఆనకట్ట చోట బ్యారేజీ వస్తే అది పునర్నిర్మాణమా?

నా లెక్కలో కాదు. పెన్న మీద సంగం దగ్గర, నెల్లూరు దగ్గర ఉన్న ఆనకట్టలు రెండూ 19వ శతాబ్దానివి. వాటికి బదులుగా కట్టిన సంగం, నెల్లూరు బ్యారేజీలను 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. పాత ఆనకట్ట నీటికి అడ్డంగా కట్టిన రాతి గోడ, వరద దాని మీదుగా పొర్లిపోతుంది. బ్యారేజీకి గేట్లుంటాయి, నీటిని నిలపవచ్చు, వదలవచ్చు, పైన వాహనాలు కూడా తిరుగుతాయి. ఆయకట్టు పాతదే అయినా కట్టడం తీరే మారిపోయింది. "పాత ఆనకట్టకు బదులుగా కొత్త బ్యారేజీ నిర్మించారు" అని రాస్తే సూటిగా ఉంటుంది. ప్రారంభోత్సవ శిలాఫలకాల మీద ఏ మాట ఉందన్నది వేరే సంగతి. వాటిలో విశేషణాలు ఎక్కువ.

చెరువుల విషయంలో ఏమంటారు?

చెరువుకు సొంత పదజాలమే ఉంది. కట్ట తెగితే 'గండి పడింది', బాగుచేస్తే 'గండి పూడ్చారు'. అడుగున ఒండ్రు చేరితే 'పూడిక తీశారు'. కట్ట బలహీనపడితే మట్టి పోసి ఎత్తు పెంచుతారు. నీళ్ళు పొలానికి వదిలే చోటు తూము. నిండిన చెరువులో ఎక్కువైన నీళ్ళు పొర్లే చోటును నెల్లూరు వైపు కలుజు అంటారు, అలుగు అని మరికొన్ని చోట్ల. కలుజు దెబ్బతిందంటే రైతుకు వెంటనే అర్థమవుతుంది. 'మిగులు జలాల నిర్మాణ భాగం' అంటే ఎవరికీ అర్థం కాదు.

పూడికతీత, గండ్లు పూడ్చడం, తూములు మార్చడం అన్నీ కలిపి ఒకే పథకంగా చేపడితే 'చెరువుల పునరుద్ధరణ' అనడం బాగుంటుంది. ఇక్కడ పునర్నిర్మాణం అసలు పొసగదు. కంభం చెరువును తీసుకోండి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల మధ్య కట్టిన కట్ట అది. శతాబ్దాలుగా నీళ్ళు ఆపుతూనే ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని వారసత్వ నీటి కట్టడంగా గుర్తించింది. అలాంటి చెరువుకు చేయాల్సింది పరిరక్షణ, పూడికతీత. దాన్ని 'పునర్నిర్మిస్తాం' అని ఎవరైనా ఉత్సాహపడితే ముందు వాళ్ళ చేతిలోని ప్రొక్లెయినర్ తాళం తీసుకోవాలి.

గుడిని మళ్ళీ కడితే ఏ మాట?

జీర్ణోద్ధరణ. జీర్ణం అంటే పాడైపోయినది, అరిగిపోయినది. తిన్నది జీర్ణమవడంలోనూ అదే మాట ఉంది. జీర్ణమైన ఆలయాన్ని ఉద్ధరించడం జీర్ణోద్ధరణ. గోడలు, విమానం, గాలిగోపురం కొంత బాగుచేసినా, పూర్తిగా దించి కట్టినా ఈ మాటే వాడతారు. ఇక్కడ 'ఏమి మిగిలింది' అన్న నా ప్రశ్న చెల్లదు. ఎందుకంటే ఆలయంలో మిగిలి ఉండేది దేవుడు, రాళ్ళు రెండో సంగతి.

అందుకే గుడి పనికి వరసగా తంతులు ఉంటాయి, వాటికి పేర్లూ ఉంటాయి. పని జరిగేన్నాళ్ళు మూలమూర్తి శక్తిని కళాకర్షణ చేసి కలశంలోకి తెస్తారు. పక్కన తాత్కాలికంగా బాలాలయం కట్టి పూజలు అక్కడ జరుపుతారు. విగ్రహం పీఠంలో కదలకుండా అష్టబంధనం వేస్తారు. పని పూర్తయ్యాక వైష్ణవాలయమైతే మహాసంప్రోక్షణ, శివాలయమైతే కుంభాభిషేకం. నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న రంగనాథస్వామి గుడిని గాని, మార్కాపురం చెన్నకేశవస్వామి గుడిని గాని గురించి రాసేటప్పుడు సంప్రోక్షణ అనాలి. జొన్నవాడలో మల్లికార్జునస్వామి, కామాక్షమ్మ ఆలయానికి కుంభాభిషేకం. ఈ తేడా తెలియక రెండూ కలిపి రాసినవారికి అర్చకుల నుంచి ఫోన్లు వస్తాయి, అవి మర్యాదగానే ఉంటాయి.

విగ్రహాన్ని మళ్ళీ నిలిపితే పునఃప్రతిష్ఠ. దీన్ని మనుషులకూ వాడతారు. సింహాసనం పోగొట్టుకున్న మనుమసిద్ధి కోసం తిక్కన ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుడి సాయం అడిగాడని, దానితో మనుమసిద్ధి మళ్ళీ నెల్లూరు గద్దె ఎక్కాడని సంప్రదాయం చెబుతుంది. దాన్ని 'రాజ్య పునఃప్రతిష్ఠ' అనవచ్చు.

పునరావాసం ఎప్పుడు వాడాలి?

మనుషులు చోటు మారినప్పుడు. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత సముద్రానికి ఆనుకుని ఉన్న మత్స్యకారులకు కాస్త లోపలికి ఇళ్ళు కట్టించారు. మార్కాపురం వైపు వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామాలవారికి కేటాయించేవి పునరావాస కాలనీలు. ఇల్లు మళ్ళీ వస్తుంది, కానీ వేరే చోట వస్తుంది. అందువల్ల అది పునర్నిర్మాణం కాదు. ముంపు ఊళ్ళవారు ఈ తేడాను మనకంటే బాగా చెబుతారు. కాలనీని ఎన్నేళ్ళయినా 'కాలనీ' అంటారు, 'మా ఊరు' అని మాత్రం నీళ్ళ కిందికి పోయే ఊరినే అంటారు.

తుపానులో ఇల్లు దెబ్బతింది. అర్జీలో ఏ మాట రాయాలి?

ఇది మాటల ప్రశ్న కంటే డబ్బు ప్రశ్న. అందుకే కాస్త వివరంగా చెబుతాను. "ఇంటి పునర్నిర్మాణానికి సాయం చేయగలరు" అని రాస్తే వినడానికి బాగుంటుంది, అధికారికి ఉపయోగపడదు. ఆయన ముందున్న పట్టికలో ఉండే మాటలు వేరు: పూర్తిగా కూలిన ఇల్లు, తీవ్రంగా దెబ్బతిన్న ఇల్లు, పాక్షికంగా దెబ్బతిన్న ఇల్లు, గుడిసె. పక్కా ఇల్లా, కచ్చా ఇల్లా అన్నది మరొక గడి.

విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022 నుంచి 2026 వరకు నిర్ణయించిన ప్రమాణాల్లో, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన లేదా తీవ్రంగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ నష్టం కనీసం 15 శాతం ఉంటేనే. గుడిసెకు 8,000. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో తుపానుకు విడిగా ఇచ్చే ఉత్తర్వుల్లో మొత్తం మారవచ్చు, కాబట్టి ఆ ఉత్తర్వు చూసుకోండి. 'తీవ్రంగా', 'పాక్షికంగా' అన్న రెండు మాటల మధ్య లక్ష రూపాయలకు పైగా తేడా ఉందన్నది గుర్తుంచుకుంటే చాలు.

కాబట్టి అర్జీలో విశేషణాలు తగ్గించి జరిగింది రాయండి. "ఫలానా తేదీ రాత్రి గాలికి మా రెండు గదుల పెంకుటింటి కప్పు మొత్తం ఎగిరిపోయింది. తూర్పు గోడ పునాది దాకా కూలింది. మిగిలిన గోడలు బీటలు వారి నివాసానికి పనికిరాకుండా ఉన్నాయి" అని రాస్తే, నష్టం రాసుకోవడానికి వచ్చే సిబ్బందికి ఏ గడిలో చేర్చాలో తెలుస్తుంది. 'నివాసానికి పనికిరాదు' అన్నది నిజమైతే తప్పకుండా రాయండి. శిథిలాలు తొలగించేముందు ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. కూలిన గోడను మర్నాడే శుభ్రం చేసి, అక్కడ ఇల్లుండేదని నమ్మించలేక తిరిగినవాళ్ళు ఉన్నారు.

పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాలిపోయినా, పశువుల పాక కూలినా, వలలు, పడవలు పోయినా వాటిని ఇంటి అర్జీలో కలపకుండా విడిగా రాయడం మంచిది.

'జీవితాన్ని పునర్నిర్మించుకున్నాడు' అని రాయవచ్చా?

రాయవచ్చు. రాసినవాడు అనువాదం చేశాడని చదివినవాడికి తెలిసిపోతుంది. తెలుగులో మనిషి కోలుకుంటాడు, తేరుకుంటాడు, నిలదొక్కుకుంటాడు, కుదుటపడతాడు. ఇవి ఒకదానికొకటి బదులు కావు. దెబ్బ తాకిడి నుంచి బయటపడటం తేరుకోవడం. జబ్బు నుంచి, అప్పు నుంచి బయటికి రావడం కోలుకోవడం. కాలు మళ్ళీ గట్టిగా మోపడం నిలదొక్కుకోవడం. మనసు, సంసారం ఒక దారికి రావడం కుదుటపడటం.

తెల్లమచ్చ వైరస్‌తో రొయ్యల చెరువు మొత్తం పోయిన రైతు మొదటి వారం తేరుకోడు. మేత దుకాణం బాకీ తీరేసరికి కోలుకుంటాడు. మరో రెండు పంటలు చేతికి వస్తే నిలదొక్కుకున్నట్టు. ఇంత తేడాను 'పునర్నిర్మించుకున్నాడు' అన్న ఒక్క మాట కింద పూడ్చేయడం ఎందుకు?

ఊరికైతే 'పూర్వవైభవం' అనే మాట ఉంది. బొగ్గు ఇంజన్ల కాలంలో రైల్వే కేంద్రంగా వెలిగిన బిట్రగుంట గురించి మాట్లాడేవారెవరైనా "పూర్వవైభవం తేవాలి" అంటారు. కాస్త అరిగిన మాటే, కానీ అక్కడ అది అతుకుతుంది.

పునర్నిర్మాణమా, పునఃనిర్మాణమా, పునర్‌ నిర్మాణమా?

మొదటిదే. ఒకే పదంగా, మధ్యలో ఖాళీ లేకుండా. 'పునః' తరువాత అచ్చు గాని, గ, జ, ద, బ, న, మ, య, వ లాంటి పలుకు గాని వస్తే విసర్గ రేఫమవుతుంది: పునరారంభం, పునరుద్ధరణ, పునర్జన్మ, పునర్వివాహం, పునర్విభజన. క, ప లాంటివి వస్తే విసర్గ అలాగే ఉంటుంది: పునఃప్రతిష్ఠ, పునఃపరిశీలన, పునఃప్రారంభం. చ వస్తే శ్చ: పునశ్చరణ.

రేఫం ముందు ఒక చిక్కు ఉంది. రెండు రేఫాలు పక్కపక్కన నిలవవు కాబట్టి ఒకటి జారిపోయి ముందున్న అచ్చు దీర్ఘమవుతుంది. వ్యాకరణం ప్రకారం 'పునారచన'. వాడుకలో 'పునర్రచన' స్థిరపడింది. పరీక్షలో మొదటిది, పత్రికలో రెండోది రాయండి, గొడవ ఉండదు. 'నిర్మానం' అని న రాయడం మాత్రం ఎక్కడా చెల్లదు.

'మళ్ళీ పునర్నిర్మించారు' తప్పా?

ఒకసారి పునర్నిర్మించినది కూడా పడిపోయి ఇంకోసారి కట్టి ఉంటే ఒప్పు. లేకపోతే 'మళ్ళీ' అనవసరం. 'తిరిగి పునఃప్రారంభం' కూడా అంతే.

జిల్లాలను విడదీసి కలిపితే ఏ మాట?

పునర్వ్యవస్థీకరణ. 2014 నాటి చట్టం పేరు ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం. జనం నోట అది 'విభజన చట్టం'. ప్రకాశం జిల్లాకు ఈ మాట పుట్టుకతోనే ఉంది. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి ప్రాంతాలు తీసి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటు చేశారు, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4 నాటి మార్పుల్లో కందుకూరు నెల్లూరుకు పోయింది. చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్ల జిల్లాలో చేరాయి. గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు వెళ్ళాయి. నియోజకవర్గాల హద్దులు మార్చితే మాత్రం పునర్విభజన. ఈ రెండింటినీ ఒకదాని చోట ఒకటి వాడకండి.

ఆధునికీకరణ, నవీకరణ, పునరభివృద్ధి, సుందరీకరణ... ఇన్ని ఎందుకు?

టెండరు పత్రాల వల్ల. అయినా తేడా ఉంది. ఉన్నదానికి కొత్త సౌకర్యాలు చేరిస్తే ఆధునికీకరణ. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన 'మన బడి నాడు–నేడు' పనుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే: మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు, రంగులు. స్థలం మొత్తాన్ని కొత్త ప్రణాళికతో మార్చితే పునరభివృద్ధి. రైల్వేవారు నెల్లూరు స్టేషన్‌కు వాడుతున్నది ఈ మాటే. నవీకరణను ఈమధ్య లైసెన్సులకు, ఫోన్ యాప్‌లకు వదిలేశారు. సుందరీకరణ అంటే సాధారణంగా రంగులు, దీపాలు, నాలుగు మొక్కలు. సున్నం కొట్టి 'పునర్నిర్మాణం' అని బోర్డు పెట్టిన సామాజిక భవనాలు ఏ మండలంలోనైనా కనిపిస్తాయి. ఆ బోర్డు మీద మాట పెద్దదయ్యేకొద్దీ లోపల పని ఎంత జరిగిందో అడగాలనిపిస్తుంది నాకు.

అసలు లేనిదాన్ని చేరిస్తే?

అది పూరణ. నన్నయ అరణ్యపర్వాన్ని మధ్యలో వదిలితే మిగిలిన భాగాన్ని ఎర్రన రాశాడు. అద్దంకిని ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఆయన. నన్నయ రాసింది కూలిపోలేదు, ముందుకు సాగలేదంతే. అందుకే సాహిత్య చరిత్రలో ఎవరూ దాన్ని పునర్నిర్మాణం అనరు, 'పూరించాడు' అంటారు. సగంలో ఆగిన వంతెన కడితే కూడా 'పూర్తిచేశారు' అనే అనాలి.

కట్టడాలకు కాకుండా ఈ మాటకు మరో వాడుక ఉందా?

ఉంది. అమెరికా అంతర్యుద్ధం తరువాత 1865 నుంచి 1877 వరకు సాగిన కాలాన్ని చరిత్ర పుస్తకాల్లో పునర్నిర్మాణ యుగం అంటారు. భాషాశాస్త్రంలో వాడుక ఇంకా ఆసక్తికరం, దానికి మన ఒంగోలు సంబంధం కూడా ఉంది. 1928లో ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషలను పోల్చి, రాతలో ఎక్కడా దొరకని మూలద్రావిడ రూపాలను పునర్నిర్మించినవారిలో ముఖ్యుడు. అలా ఊహించి నిలబెట్టిన పదానికి ముందు నక్షత్రం గుర్తు (*) పెడతారు, ఎవరూ వినలేదు, కానీ ఉండి ఉండాలి అని దాని అర్థం. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ 'కట్టు' అనే ధాతువు ఉంది. మూడింటిలోనూ ముడివేయడం, నిర్మించడం అన్న రెండు అర్థాలూ ఉన్నాయి. తాళ్ళతో వాసాలు బిగించి ఇల్లు నిలబెట్టిన రోజుల్లో ఆ రెండూ ఒకే పని అయి ఉంటాయని అనుకోవడానికి వీలుంది. వృత్తులవారి మాటలు ఊరూరా తిరిగి సేకరించే పనికి కూడా ఆయనే దారి వేశారు. వ్యవసాయ పదాల కోశం 1962లో వచ్చింది.

పాత ఇల్లు పడగొట్టి కట్టుకున్నాం. శుభలేఖలో ఏమి వేయించాలి?

'నూతన గృహప్రవేశం' అనే వేయించండి. పాత స్థలమే అయినా ముగ్గు కొత్తది, గడప కొత్తది. 'పునర్నిర్మిత గృహప్రవేశ మహోత్సవం' అని ఒక కార్డు నా చేతికి వచ్చింది. తప్పేమీ లేదు గాని, అందులో భోజనాల వేళ వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. పడగొట్టకుండా పైన ఒక అంతస్తు వేసుకుని ఉంటే పూజ చేయించుకోండి, గృహప్రవేశం అనకండి. బంధువులు పాత ఇంటికి కొత్తగా ఎలా వస్తారు?